రాజుగారి ఐదో పెళ్లి, మన మీద పన్ను: ‘కాలనైజేషన్’ ఆట తిరుగుబాటును ఎంతవరకు పట్టుకుంది?

కంప్యూటర్ ఆటల్లో సామ్రాజ్యాలు కట్టేవి కోకొల్లలు. సామ్రాజ్యం మీద తిరగబడి బయటపడితేనే గెలిచినట్టు అని నియమం పెట్టుకున్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మైక్రోప్రోస్ సంస్థ 1994లో తెచ్చిన ‘సిడ్ మైయర్స్ కాలనైజేషన్’ వాటిలో ముందు వరుసలో నిలుస్తుంది. బ్రయన్ రేనాల్డ్స్, సిడ్ మైయర్ దీని రూపకర్తలు. దీన్నే ఫిరాక్సిస్ సంస్థ 2008లో ‘సివిలైజేషన్ 4: కాలనైజేషన్’ పేరుతో మళ్లీ చేసింది. అభిమానులు కట్టిన ‘ఫ్రీకోల్’ ఉచితంగా దొరుకుతుంది. ఈ సమీక్ష ప్రధానంగా 1994 నాటి దాని గురించే. మిగతా రెండింటి సంగతి చివర్లో.

వలసవాళ్లు మాతృదేశం మీద ఎందుకు తిరగబడతారు అన్న ప్రశ్నకు ఈ ఆట దగ్గర ఒక జవాబు ఉంది. సగం జవాబు అద్భుతం. తిరుగుబాటుకు ఏమేం కావాలో, ఎంతెంత కావాలో లెక్క కట్టడంలో దీనికి సాటి వచ్చే ఆట దొరకడం కష్టం. అసలు కోపం ఎందుకొచ్చింది అన్న దగ్గర మాత్రం తప్పటడుగు వేసింది.

ముందు ఆట తీరు. 1492లో ఒక ఓడ, ఇద్దరు మనుషులతో మొదలు. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, డచ్ వాళ్లలో ఒకరిని ఎంచుకోవాలి. 1600 వరకు ఏడాదికి ఒక టర్న్ (ఆటలో మన వంతు), తర్వాత ఏడాదికి రెండు. సరుకులు మొత్తం 16 రకాలు. చెరకు, పొగాకు, పత్తి, బొచ్చు తోళ్లు పండించి లేదా సేకరించి, వాటిని రమ్, చుట్టలు, బట్ట, కోట్లుగా మార్చి యూరప్‌లో అమ్ముకోవాలి. ఒకే సరుకు ఎక్కువగా అమ్మితే అక్కడ ధర పడిపోతుంది. కాబట్టి రెండు మూడు సరుకులు మార్చి మార్చి పంపడం మంచిది. మనిషికి టర్న్‌కు 2 టన్నుల తిండి. తిండి 200 టన్నులు పోగైతే కొత్త మనిషి పుడతాడు. ఇంతవరకు సాదాసీదా వ్యాపారం ఆటే. రాజుగారు నోరు తెరిచిన దగ్గర్నుంచి అసలు ఆట మొదలవుతుంది.

ఉన్నట్టుండి ఒక కబురు వస్తుంది: రాజుగారు ఐదో పెళ్లి చేసుకున్నారు, ఆ శుభసందర్భంలో మీ పన్ను కొంత శాతం పెంచుతున్నారు. పన్ను యూరప్‌లో అమ్మిన సరుకు డబ్బులోంచి కోసుకుంటారు. రెండే దారులు. ఉంగరానికి ముద్దుపెట్టి ఒప్పుకోవడం, లేదా ‘టీ పార్టీ’ చేయడం. టీ పార్టీ అంటే ఫలానా ఊళ్లో ఉన్న ఫలానా సరుకును 100 టన్నుల దాకా సముద్రంలో కలిపేయడం. పన్ను పెరగదు కానీ, బకాయి కట్టేదాకా ఆ సరుకును యూరప్‌లో కొననివ్వరు, అమ్మనివ్వరు.

ఒప్పుకోవాలా, పారబోయాలా అన్నది ఏ సరుకు పేరు వచ్చిందన్న దాన్ని బట్టి తేల్చుకోండి. చెరకు, పొగాకు లాంటి ముడిసరుకు పేరు వస్తే కళ్లు మూసుకుని పారబోయవచ్చు. ఎలాగూ పంపేది రమ్ము, చుట్టలు. చెరకు మీద నిషేధం రమ్ము మీదకు రాదు. చుట్టల పేరు వచ్చి, మీ రాబడంతా చుట్టల మీదే ఉంటే పన్ను కట్టడమే చవక. తుపాకులు, పనిముట్లు, గుర్రాల పేరు వచ్చినప్పుడు చాలామంది బోల్తా పడతారు. అవి మనం అమ్మేవి కావు కదా అని పారబోస్తారు. రేపు సైన్యానికి కొనాల్సిన సరుకులు అవే. వాటిని నిషేధిస్తే ఖనిజం తవ్వి, కమ్మరి చేత పనిముట్లు చేయించి, ఆయుధశాలలో తుపాకులుగా మార్చుకోవడం తప్ప గత్యంతరం ఉండదు. అది ఎలాగూ చేసి పెట్టుకోవాల్సిన పనే, తొందరపాటు మాత్రం ఖరీదైనది. ఆటలో మీకు కాంగ్రెస్ అని ఒక సభ ఉంటుంది, చరిత్ర ప్రముఖులు ఒక్కొక్కరే వచ్చి చేరి ఒక్కో మేలు చేస్తారు. జేకబ్ ఫుగ్గర్ అనే పెద్దమనిషి అందులో చేరితే నిషేధాలన్నీ ఒక్కసారిగా ఎత్తేస్తారు. కాబట్టి ఆయన వచ్చేలోపే టీ పార్టీలు దండిగా చేసుకోవడం పాత ఆటగాళ్ల కిటుకు.

ఆటగా చూస్తే ఇది చక్కటి ఏర్పాటు. చరిత్రగా చూస్తే మాత్రం తలకిందులు. అసలు అమెరికాలో సరుకును బహిష్కరించింది రాజు కాదు, వలసవాళ్లు. 1765లో దస్తావేజులు, పత్రికల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం వచ్చినప్పుడు, 1767 నాటి టౌన్‌షెండ్ సుంకాల (దిగుమతి పన్నులు) తర్వాత, మళ్లీ 1774లో బ్రిటిష్ సరుకు దిగుమతి చేసుకోం అని ఒప్పందాలు రాసుకున్నది వ్యాపారులూ, ఊరి కమిటీలూ. అదే వాళ్ల ప్రధాన ఆయుధం. లండన్ వర్తకుల గల్లాపెట్టె ఎండిపోతే పార్లమెంటు దిగొస్తుందని లెక్క. 1766లో స్టాంపు చట్టం రద్దు కావడానికి లండన్ వర్తకుల మొర కూడా ఒక కారణం. ఆ కత్తిని ఈ ఆట రాజు చేతికిచ్చింది.

ఇంకో తప్పు దీనికన్నా లోతైనది. ఆటలో పన్ను ఎక్కువైతే కోపం ఎక్కువ, తక్కువైతే తక్కువ. అసలు సంగతి అలా నడవలేదు. 1733 చట్టం ప్రకారం విదేశీ మొలాసిస్ (రమ్ము కాచే చెరకు మడ్డి) మీద గ్యాలన్‌కు 6 పెన్నీల సుంకం ఉండేది. 1764లో దాన్ని సగానికి, 3 పెన్నీలకు తగ్గించారు. గొడవ అప్పుడే మొదలైంది. ఎందుకంటే పాత సుంకాన్ని ఎవరూ కట్టేవాళ్లు కాదు, దొంగచాటు వ్యాపారం బాహాటంగా సాగేది. కొత్తదాన్ని గట్టిగా వసూలు చేస్తామన్నారు, కేసులు జ్యూరీ లేని నౌకా కోర్టులకు వెళ్తాయన్నారు. 1773 టీ చట్టం అయితే మరీ విచిత్రం. ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో పేరుకుపోయిన టీని నేరుగా అమెరికాలో అమ్ముకోనివ్వడం వల్ల టీ ధర తగ్గేది. పౌనుకు 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు. చవక టీ కొని తాగితే సుంకం వేసే హక్కును ఒప్పుకున్నట్టే. ఆ ఏడాది డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల నుంచి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. ధర తగ్గినందుకు సరుకు పారబోసిన ఈ ఘట్టాన్ని ఆటలోని ఏ సూత్రమూ వివరించలేదు.

అక్కడ తగువు ఎంత అన్నదాని గురించి కాదు, ఎవరు వేయాలి అన్నదాని గురించి. తమ శాసనసభ వేసిన పన్ను కడతాం, తమ మనిషి ఒక్కడూ లేని పార్లమెంటు వేస్తే కట్టం అన్నది వలసవాళ్ల వాదన. 1766లో స్టాంపు చట్టాన్ని రద్దు చేసిన రోజే పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: వలసలకు ఏ విషయంలోనైనా చట్టాలు చేసే అధికారం మాకుంది అని. డబ్బు వదులుకుంది, హక్కు వదులుకోలేదు. ఈ ఆటలో శాసనసభలే లేవు. ఊళ్లోవాళ్లు, పాలకుడు, వ్యాపారి అన్నీ మీరే కావడంతో ఆ తగువు పుట్టే చోటే లేకుండా పోయింది.

తయారీ విషయంలోనూ రాజును మరీ మంచివాణ్ని చేశారు. ఆటలో బొచ్చు తోళ్ల నుంచి కోట్లు కుట్టించి, కార్ఖానాలు పెట్టి యూరప్‌కే అమ్మినా ఆయన పల్లెత్తు మాట అనడు. అసలు చరిత్రలో బీవర్ తోళ్లతో టోపీలు చేసి పక్క వలసకు పంపడాన్ని కూడా 1732 చట్టం నిషేధించింది. 1750 చట్టం కొత్త ఉక్కు కొలుములు పెట్టొద్దంది. ముడిసరుకు మీది, తయారీ మాది అన్నది ఆ సామ్రాజ్య సూత్రం. దాన్ని ఆటలో పెట్టి ఉంటే కార్ఖానా కట్టిన ప్రతిసారీ గుండె దడదడలాడేది.

ఇక గంటల సంగతి. లిబర్టీ బెల్స్ అని ఆటలో పేరు, స్వేచ్ఛ కోరికను కొలిచే పాయింట్లు. ఇక్కడి నుంచి గంటలు అంటే మోగేవే, గడియారంలోవి కావు. ఊరి టౌన్ హాల్లో ముగ్గురి దాకా కూర్చోబెట్టవచ్చు. మామూలు మనిషి టర్న్‌కు 3 గంటలు చేస్తాడు, ఈ పనిలో ఆరితేరిన ఎల్డర్ స్టేట్స్‌మన్ 6 చేస్తాడు. ప్రింటింగ్ ప్రెస్ కడితే సగం ఎక్కువ, దాన్ని న్యూస్‌పేపర్‌గా పెంచితే రెట్టింపు. అంటే ముగ్గురు స్టేట్స్‌మన్‌లు 18, పత్రిక తోడైతే 36. థామస్ జెఫర్సన్ చేరితే ఇంకో 50 శాతం. ఈ గంటలు పోగయ్యేకొద్దీ ఆ ఊళ్లో ‘సన్స్ ఆఫ్ లిబర్టీ’ (తిరుగుబాటు పక్షం) సభ్యుల శాతం పెరుగుతుంది. 50 శాతం దాటితే ఆ ఊళ్లో పనిచేసే ప్రతివాడి దిగుబడి 1 పెరుగుతుంది, 100 శాతమైతే 2 పెరుగుతుంది. మొత్తం జనాభాలో సగం మంది ఇటు వచ్చాకే స్వాతంత్ర్యం ప్రకటించగలరు.

ఈ భాగం నిజంగా బాగుంది, కారణం కరపత్ర రచయిత థామస్ పెయిన్. ఆయన కాంగ్రెస్‌లో చేరితే అప్పటికి పన్ను ఎంత శాతం ఉందో గంటలు కూడా అంత శాతం పెరుగుతాయి. 30 శాతం పన్ను ఉంటే 30 శాతం గంటలు అదనం. కడుపుమంట దానంతట అది తిరుగుబాటు కాదు, దాన్ని మాటల్లో పెట్టి అచ్చువేసి పంచేవాడు ఉండాలి అని ఒక్క నియమంతో చెప్పేశారు. చరిత్ర కూడా అలాగే సాగింది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తుపాకులు పేలాయి. అప్పటికీ చాలామంది రాజుతో రాజీ పడదామనే అనుకునేవాళ్లు. పెయిన్ కరపత్రం 1776 జనవరిలో వచ్చి, గొడవ పార్లమెంటుతో కాదు, రాజరికంతోనే అని సూటిగా అన్నాక గాలి మళ్లింది. అచ్చుయంత్రానికి ఇంత విలువ ఇవ్వడం సబబే. స్టాంపు చట్టం చేసిన పెద్ద పొరపాటు కూడా అదే. దస్తావేజులు, పత్రికలు, పేకముక్కలు, పాచికల మీద పన్ను వేసి, ఊళ్లో గొంతు ఎక్కువున్న లాయర్లనూ పత్రికలవాళ్లనూ ఒక్క దెబ్బకు శత్రువులను చేసుకుంది.

గంటల లెక్క సరిగ్గా తెలుసుకోవాలంటే ఫ్రీకోల్ అంకెలు పనికొస్తాయి. అందులో ఒక మనిషి పూర్తిగా తిరుగుబాటుదారు కావడానికి 200 గంటలు. పదిమంది ఉన్న ఊళ్లో సగం మందిని తిప్పుకోవడానికి 1000 కావాలి. ఇద్దరికి మించిన ప్రతి మనిషీ టర్న్‌కు ఒక గంట ఖర్చు పెడతాడు. అంటే 36 చేస్తే 28 మిగులుతాయి. దాదాపు 36 టర్న్‌లు. యుద్ధానికి పదేళ్ల ముందు మేలుకుంటే సరిపోదని ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది. కొత్తగా ఎవరు వచ్చి ఊళ్లో చేరినా శాతం పడిపోతుంది. ఇదీ నిజానికి దగ్గరే. నార్త్ కరోలినాలో అప్పుడప్పుడే వచ్చి స్థిరపడిన స్కాట్లాండ్ కొండప్రాంతం వాళ్లలో చాలామంది రాజు పక్షాన నిలిచి, 1776 ఫిబ్రవరిలో మూర్స్ క్రీక్ వంతెన దగ్గర ఓడిపోయారు.

ఎల్డర్ స్టేట్స్‌మన్ దొరకడమే కష్టం. చదివించి తయారుచేయాలంటే విశ్వవిద్యాలయం స్థాయి బడి ఉండాలి, నేర్పడానికి ఒక స్టేట్స్‌మన్ ముందే ఉండాలి. మొదటివాణ్ని యూరప్‌లో డబ్బు పోసి తెచ్చుకుని, వాణ్ని టౌన్ హాల్లో కాకుండా ముందు బళ్లో పెట్టండి. ఇద్దరు ముగ్గురు తయారయ్యాక హాలుకు పంపవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, ఆట చివర్లో గంటలు చాలక చిక్కుకుంటారు.

తిరుగుబాటులో చేరని వాళ్లను ఆట టోరీలు అంటుంది. ఒక ఊళ్లో వాళ్ల సంఖ్య హద్దు దాటితే దిగుబడి తగ్గుతుంది. తేలిక లెవెల్లో ఆ హద్దు 10, కష్టతరమైన వైస్రాయ్ లెవెల్లో 6. అందుకే గంటలు లేకుండా ఊరు పెంచకూడదు. ఇరవైమంది ఉన్న ఒక పెద్ద ఊరి కంటే ఎనిమిదేసిమంది ఉన్న మూడు ఊళ్లు నడపడం సుఖం. టోరీలను ఉత్పత్తికి పట్టిన చీడగా మాత్రమే చూపడం ఆట చేసిన అన్యాయం. వాళ్లు అక్కడి మనుషులే, పక్కింటివాళ్లే. యుద్ధం ముగిశాక ఆస్తులు వదిలేసి సుమారు 60 వేలమంది కెనడాకూ, కరీబియన్ దీవులకూ, బ్రిటన్‌కూ వెళ్లిపోయారు. స్వాతంత్ర్య యుద్ధానికి అంతర్యుద్ధం ముఖం కూడా ఉందన్నది ఇందులో ఎక్కడా కనిపించదు.

ప్రకటనకు ముందు సరంజామా. ప్రకటించిన క్షణం నుంచి యూరప్ రేవు మూతపడుతుంది, అక్కడున్న ఓడలూ మనుషులూ సరుకూ పోయినట్టే. కాబట్టి ముందు టర్న్‌లోనే ఓడలన్నీ ఇటు తిప్పేయాలి. సైనికుడికి 50 తుపాకులు, గుర్రపు సైనికుడికి అదనంగా 50 గుర్రాలు కావాలి. గోదాము మామూలుగా 100 టన్నులు పడుతుంది, రెండుసార్లు పెంచితే 300. అంటే నిండు గోదాము ఆరుగురు సైనికులకే సరి. మూడు నాలుగు ఊళ్లలో విడివిడిగా నిల్వ చేయాలి, ఒక్క ఊళ్లో అంతా పెడితే ఆ ఊరు పడితే యుద్ధమే పడిపోతుంది. గుర్రాలను కొననక్కర్లేదు. రెండింటిని వదిలి మిగులు తిండి ఉంచితే అవే పెరుగుతాయి.

గోడల సంగతి ఇంకా ముఖ్యం. స్టాకేడ్ (కర్రల కంచె) రక్షణను 100 శాతం పెంచుతుంది, ఫోర్ట్ 150, ఫోర్ట్రెస్ 200. తీరంలో ఉన్న ప్రతి ఊరికీ కనీసం ఫోర్ట్ ఉండాలి. ఫోర్ట్ అయితే పక్కకు వచ్చిన శత్రువు ఓడల మీద తానే ఫిరంగులు పేలుస్తుంది. స్టాకేడ్‌కు ఆ శక్తి లేదు. ఫోర్ట్‌కు, ఫోర్ట్రెస్‌కు కలపతో పాటు పనిముట్లు వందల్లో కావాలి, కాబట్టి కమ్మరి పని ముందే వేగం అందుకోవాలి. గోడలన్నీ కట్టలేకపోతే తీరంలో ఊళ్లే తక్కువ పెట్టుకోండి. అడుగు లోపలికి జరిగి కట్టిన ఊరి దగ్గర రాజు సైన్యం నేరుగా దిగలేదు.

ప్రకటన తర్వాత దండు దిగుతుంది. కాల్బలం, ఆశ్వికులు, ఫిరంగులు, వాటిని మోసే మ్యాన్ ఆఫ్ వార్ ఓడలు. ఒక్కో ఓడలో ఆరు దళాలు. కొత్తవాళ్లు గోడల వెనక కూర్చుని దెబ్బలు తింటారు, అక్కడే ఓడిపోతారు. ఊరి మీద దాడి చేసేటప్పుడు రాజు సేనకు అదనపు బలం ఉంటుంది. అదే సేన ఊరి పక్కన పొలంలోనో అడవిలోనో దిగి ఉన్నప్పుడు మీరే ముందు మీదపడితే ఆ నేల ఇచ్చే అనుకూలత మీకు దక్కుతుంది. అడవి, కొండ అయితే మరీ మంచిది. ఫిరంగులు బయటి నేల మీద ఉత్త మొద్దులు, ముందు వాటిని కొట్టాలి. అందుకని ప్రతి తీరపు ఊళ్లోనూ కాపలా కాసేవాళ్లు కొందరు, బయటికి దూకి కొట్టే గుర్రపు సైనికులు కొందరు ఉండాలి. ఊరి చుట్టూ అడవి నరికి చదును చేసేశారంటే మాటు వేసే చోటును చేతులారా పోగొట్టుకున్నట్టే. పొలాల ఆశతో చాలామంది ఈ పనే చేస్తారు.

యుద్ధంలో కూడా గంటలు ఆపకూడదు. ప్రకటన తర్వాత చేసిన గంటలు ఒక మేరకు చేరితే ఇంకో యూరప్ రాజ్యం సైన్యంతో సాయానికి వస్తుంది. ఫ్రాన్స్ రాకను గుర్తుచేసే ఏర్పాటు ఇది, కానీ ఫ్రాన్స్ ఉపన్యాసాలు విని రాలేదు. 1777 అక్టోబరులో సారటోగా దగ్గర ఒక మొత్తం బ్రిటిష్ సేన లొంగిపోయాక, 1778 ఫిబ్రవరిలో ఒప్పందం మీద సంతకం పెట్టింది. గెలుపు చూపిస్తేనే సాయం అన్న నియమం ఉంటే యుద్ధ ఘట్టం ఇంకా రక్తి కట్టేది.

ఓటమి నియమమే బొత్తిగా కుదరలేదు. ఆటలో రేవు ఊళ్లన్నీ రాజు చేతికి పోతే కథ ముగిసినట్టే. అసలు యుద్ధంలో బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, సవానా, చార్ల్స్‌టన్ ఏదో ఒక దశలో బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నవే. 1776 వేసవిలో న్యూయార్క్ మీదకు వాళ్లు దింపిన సేన 30 వేలకు పైమాటే. నగరాలు పట్టుకున్నారు, దేశం చిక్కలేదు. సైన్యం దాటిపోగానే వెనకాల పల్లెలు మళ్లీ కమిటీల చేతికి వచ్చేవి. సైన్యాన్ని పోగొట్టుకోకుండా ఏళ్లు నెట్టుకురావడమే తిరుగుబాటు సేనాని జార్జ్ వాషింగ్టన్ చేసిన యుద్ధం. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచ్ నౌకాదళం సముద్రం దారి మూసేశాక గానీ తెర పడలేదు. ఈ ఓపిక యుద్ధం ఆటలో సాధ్యం కాదు.

ఇక మొత్తంగా లేనివి. బానిసత్వం లేదు. చెరకు, పొగాకు, పత్తి పండించేవాళ్లు నేరస్థులు, ఒప్పంద కూలీలు, మాస్టర్ ప్లాంటర్లు లాంటివాళ్లు. 1770ల్లో తిరగబడిన పదమూడు వలసల జనాభా సుమారు 25 లక్షలైతే, అందులో దాదాపు ఐదో వంతు బానిసలు. ఇది మర్యాద కోసం వదిలేసిన వివరం అనుకోవడానికి వీల్లేదు. తిరుగుబాటు లెక్కే తప్పుతుంది. తిరుగుబాటుదారుల బానిసలు తన పక్షాన పోరాడితే విముక్తి ఇస్తానని 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ ప్రకటించాడు. అటూ ఇటూ ఊగుతున్న భూస్వాములు చాలామంది ఆ దెబ్బతో తిరుగుబాటుదారుల కాంగ్రెస్ వైపు జరిగారు. బానిసలు ఎదురుతిరుగుతారన్న అదే భయం బ్రిటన్ కరీబియన్ వలసలైన జమైకా, బార్బడోస్‌లలో దీనికి ఉల్టాగా పనిచేసింది. అక్కడ జనంలో ఎక్కువమంది బానిసలే. తోటల యజమానులకు రాజు సైన్యమే ధీమా, వాళ్ల చక్కెరకు బ్రిటన్‌లో ఖాయమైన మార్కెట్ ఉంది. పన్నులు వాళ్ల మీదా పడ్డాయి, తిరగబడలేదు. ఈ ఆట నియమాలతో మాత్రం గంటలు చేస్తే జమైకా కూడా 1776లో తిరగబడుతుంది.

భూమి సంగతీ అంతే. ఫ్రాన్స్‌తో చేసిన ఏడేళ్ల యుద్ధంలో (1756–63) బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. ఫ్రెంచ్ వాళ్లు కెనడా వదిలిపోయారు. మా ఖర్చుతో మీకు శత్రువు బెడద తప్పింది కాబట్టి కొంత కట్టండి అన్నది లండన్ మాట. ఏరు దాటాక తెప్ప తగలేస్తున్నారని వాళ్ల ఉక్రోషం. ఇటు వలసవాళ్లకు తెప్ప అవసరమే తీరిపోయింది. పైగా 1763 రాజ ప్రకటన అపలేచియన్ కొండలు దాటి స్థిరపడొద్దని గీత గీసింది. ఆ భూముల మీద పెట్టుబడి పెట్టినవాళ్లు మండిపడ్డారు. ఆటలో రాజు మిమ్మల్ని ఏ కొండ దగ్గరా ఆపడు. స్థానిక తెగల భూమికి డబ్బు ఇవ్వడం కూడా ఇష్టం లేకపోతే పీటర్ మినుయిట్‌ను కాంగ్రెస్‌లో చేర్చుకుంటే ఆ ఖర్చూ పోతుంది. ఎనిమిది తెగలున్నాయి, వ్యాపారం, విద్యలు నేర్చుకోవడం బాగున్నాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే ఈ స్వాతంత్ర్యం ఏమిటన్న ప్రశ్న లేదు.

స్పానిష్ వాళ్లతో ఆడితే కథ ఇంకా అతకదు. దక్షిణ అమెరికా 1810లో కదిలింది పన్ను పెరిగినందుకు కాదు. 1808లో నెపోలియన్ స్పెయిన్ రాజును గద్దె దించి బందీ చేయడంతో, రాజే లేనప్పుడు అధికారం ఎవరిది అన్న ప్రశ్న పుట్టింది. అక్కడే పుట్టిన స్పానిష్ సంతతివాళ్లకు పెద్ద పదవులు దక్కని పాత కసి తోడైంది. సామ్రాజ్యం నడుం విరిగినప్పుడు వలసలు జారిపోవడం అన్న దారి ఆటలో లేనేలేదు, రాజు ఎప్పుడూ బలంగానే ఉంటాడు. దక్షిణ అమెరికా విముక్తి నేత సిమోన్ బొలివార్ మాత్రం ఉన్నాడు, ‘సన్స్ ఆఫ్ లిబర్టీ’ సభ్యుల శాతం 20 పెంచుతాడు. 1783లో పుట్టిన మనిషి 1560లోనే మీ కాంగ్రెస్‌లో స్పానిష్ దండయాత్రికుడు కోర్టెస్ పక్కన కూర్చోవడం చూసి నవ్వుకోవాల్సిందే.

ఏది కొనాలి? 1994 ఆట నెట్‌లో ఆటలమ్మే గాగ్, స్టీమ్‌లలో దొరుకుతుంది, పాత ఆటలను నడిపించే డాస్‌బాక్స్ మీద నడుస్తుంది. బొమ్మలు పాతవి, మౌస్ కన్నా కీబోర్డు చురుకు. ఒక్కరే ఆడాలి. 2008 రూపం చూడ్డానికి బాగుంటుంది, ఆడటానికి మూల సివిలైజేషన్ 4 అక్కర్లేదు. దాంట్లో ఒక మార్పు ఆట నడకనే తిప్పేసింది. మీరు గంటలు చేసేకొద్దీ రాజు సేన పెరుగుతుంది. దాంతో ఏళ్ల తరబడి గంటలు మోగించేవాడు నష్టపోతాడు. చివరిదాకా నోరు మూసుకుని, ఒక్కసారిగా అందరినీ టౌన్ హాళ్లలో నింపి ప్రకటించేవాడు గెలుస్తాడు. పదేళ్ల కరపత్రాలు, సభలు, కమిటీల నుంచి పుట్టిన విప్లవాన్ని ఇది ఆఖరి నిమిషపు కిటుకుగా మార్చేసింది. ప్రకటన తర్వాత రాజ్యాంగంలో ఏముండాలో ఎంచుకునే అవకాశం దాని మంచి చేర్పు. ఫ్రీకోల్‌కు డబ్బు పెట్టక్కర్లేదు, పాత నియమాలే ఎక్కువ, నలుగురు కలిసి నెట్‌లో ఆడవచ్చు. తిరుగుబాటు నడక పూర్తిగా చూడాలంటే పాతదీ ఫ్రీకోలూ చాలు. 2008 దాన్ని తగ్గింపు ధరలో ఉన్నప్పుడు తీసుకోండి.

మొదటిసారి ఆడేవాళ్లు డచ్ వాళ్లతో, ఎక్స్‌ప్లోరర్ లెవెల్లో మొదలుపెట్టడం మేలు. వాళ్లకు మొదటి ఓడే పెద్దది, యూరప్‌లో ధరలు అంత తేలిగ్గా పడవు. ఫ్రెంచ్ వాళ్లయితే తెగల కోపం సగమే ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లకు జనం తొందరగా వస్తారు, వచ్చినవాళ్లతో పాటు టోరీలూ వస్తారు, కాబట్టి మొదటి ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకే ముందు కావాలి. స్పానిష్ వాళ్ల బలమంతా తెగల ఊళ్లు కొల్లగొట్టడంలోనే. ప్రకటించే టర్న్‌కు ముందు ఒక సేవ్ ఫైలు విడిగా పెట్టుకోండి. మొదటి దండు ఏ తీరంలో దిగుతుందో చూశాక వెనక్కి వచ్చి గోడ ఎక్కడ తక్కువైందో సరిచూసుకోవచ్చు.